పడుకున్నంతసేపూ బాగానే ఉంది

పైనున్న ట్యూబులైటు ఒక్కటేనని జయచంద్రకు తెలుసు. కనబడుతున్నవి మాత్రం రెండు. ఒకటి ఉండాల్సిన చోట ఉంది, రెండోది దాని పక్కనే కాస్త వాలి, పని తెలియనివాడెవడో బిగించి పోయినట్టుంది. ఒక కన్ను మూస్తే మళ్లీ ఒకటైపోతుంది. అందుకే తలనొప్పి ఉన్నవాడిలా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చేతి చాటున ఎడమ కన్ను మూసుకుని, ఢిల్లీ జనక్‌పురిలోని ఈ చిన్న నర్సింగ్ హోంలో, ఎమర్జెన్సీ గదిలో, పచ్చ కర్టెను పక్కన మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పడుకున్నంతసేపూ బాగానే ఉంది, అదే కదా చిత్రం. చేతులు బాగున్నాయి, కాళ్లు బాగున్నాయి, మాట తేటగా ఉంది, నవ్వమంటే మూతి రెండు వైపులా సమానంగానే సాగింది. కుర్ర డాక్టరు పక్షవాతం పరీక్ష మొత్తం పెట్టి, "స్కోర్ జీరో హై అంకుల్, స్ట్రోక్ నహీ హై" అని తేల్చేశాడు. చెవి లోపల తూకం చెడిందట, వాంతులు దానివల్లేనట. ఇంజెక్షన్ పొడిపించి, ఓ గంట పడుకోండి, మళ్లీ ఒకసారి చూసి ఇంటికి పంపించేస్తానన్నాడు. నలభై ఆరేళ్లకే అంకులేమిట్రా అని మనసులో తిట్టుకున్నాడు గానీ, సున్నా అనగానే ప్రాణం లేచొచ్చింది. సున్నా వస్తే పాసైనట్టు. పట్టాలిచ్చే చదువుల్లో ఎక్కడా లేని మర్యాద ఈ ఒక్కచోటే ఉంది సున్నాకి.

పాసవడమంటే అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఫౌజులో చేరిననాటి నుంచీ ఏటేటా మెడికల్, ఏటేటా పాస్. మెడికల్‌కి వారం ముందే ఉప్పు మానెయ్యాలి, ముందు రాత్రి తొందరగా పడుకోవాలి, రక్తపోటు చూసేటప్పుడు ఊపిరి ఎలా వదలాలో తెలియాలి, మోకాలు నొప్పి పెడుతున్నా గుంజీ తీసి లేచేటప్పుడు ముఖం చిట్లించకూడదు. కోయీ తక్లీఫ్? నహీ సర్. నీంద్ ఆతీ హై? బిల్కుల్ సర్. అంతే, బాధల్లేవు, నిద్ర పడుతోంది, ఆ రెండు మాటలతో ఇరవై ఏడేళ్లు లాక్కొచ్చాడు. ఇందాక కూడా అంతే జరిగింది. డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అన్నాడు. నాలుగు కనబడ్డాయి. ట్యూబులైటు లెక్క గుర్తొచ్చి సగం చేసి "దో" అన్నాడు. శభాష్ అన్నట్టు తలూపాడు ఆ అబ్బాయి. వేలితో ముక్కు ముట్టుకోమంటే ముట్టుకున్నాడు, మడమతో రెండో కాలి ఎముక మీద గీత గీసినట్టు రాయమంటే రాశాడు, చేతులెత్తి పది లెక్కపెట్టేదాకా ఉంచమంటే ఇరవై దాకా ఉంచడానికైనా సిద్ధమే. ఏ నెల అంటే నెల చెప్పాడు. ఒక్కటి మాత్రం అడగలేదు ఆ అబ్బాయి. లేచి నిలబడమని అడగలేదు. ఆటోలోంచి చక్రాల కుర్చీలో వేసి తెచ్చారు, కుర్చీలోంచి వార్డుబాయ్ ఎత్తి మంచం మీద వేశాడు, వాంతులతో నీరసపడ్డాడులే అనుకున్నారు అందరూ. అడిగి ఉంటే ఏం జరిగేదో జయచంద్రకు ఒక్కడికే తెలుసు.

నిలబడటం కుదరడం లేదు. కాళ్లలో సత్తువ లేక కాదు, కాళ్లు ఇనుపకమ్ముల్లా ఉన్నాయి. కూర్చుంటే చాలు, ఎడమవైపు నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు ఒళ్లంతా అటే వాలిపోతోంది. మధ్యాహ్నం బాత్రూంకి గోడను కావలించుకుని వెళ్లాడు. భార్య ఉషశ్రీ బయట నిలబడి ఏటండీ ఇంతసేపు అంటే, కడుపులో బాలేదు అన్నాడు. అప్పుడు కక్కింది ఆమె చూసింది. ఆమె దృష్టిలో ఈ జబ్బు పుట్టింది అప్పుడే, ఈ రోజు మధ్యాహ్నం భోజనం చేశాక. నిమ్మకాయ, అల్లం రసం, చిటికెడు ఉప్పు కలిపి తాగించి, పైత్యం చేసిందండీ, పొద్దున్నే ఖాళీ కడుపుతో ఆ టీలు తాగొద్దంటే వినరు గదా అని మొత్తుకుంది. పైత్యమంటే పైత్యమే. దానికి ఎదురుచెప్పేంత తెలివితక్కువవాడు కాదు జయచంద్ర. నిజానికి ఇది నిన్న సాయంత్రమే మొదలైంది. నిన్న సాయంత్రం వంటింట్లో, చూస్తుండగానే నేల ఓ పక్కకు ఒరిగిపోయింది. ఎలాగో కప్పిపుచ్చాడు. ఎలా కప్పిపుచ్చాడో ఇప్పుడు తలచుకోవడం అతనికి ఇష్టం లేదు. రాత్రంతా మంచం పట్టె పట్టుకుని పడుకుని, పొద్దున యూనిట్‌కి ఫోన్ చేసి జలుబు అన్నాడు, ఇంట్లోనేమో సెలవు పెట్టానన్నాడు. ఢిల్లీ గాలికి నవంబరులో జలుబు చెయ్యనిదెవరికి, ఎవరూ మారు మాట్లాడలేదు.

వెక్కిళ్లొకటి. రెండు ఊపిరులకో వెక్కిలి, పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఉషశ్రీ స్టూలు ముందుకు జరుపుకుని, సీసా మూత తీసి నీళ్లు పట్టింది. ఆ నీళ్లు పోవాల్సిన దారిన పోక ముక్కులోకి ఎక్కి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆమె చీర కొంగుతో అతని గడ్డం తుడిచి, వీపు మీద రాస్తూ, ముఖంలోకి చూసింది. ఇలా చూసేటప్పుడే ఆమెతో చిక్కు. పెళ్లయిన ఏడాది, సిక్కింలో పోస్టింగు నుంచి సెలవు మీద వచ్చినప్పుడు, కాలి వేళ్లు చలికి నల్లబడిన సంగతి సాక్సు విప్పకుండా దాచుకుంటే కూడా ఇలాగే చూసి, నిద్రపోయాక విప్పి చూసి, తెల్లారేదాకా ఏడ్చింది. ఆ మంచులో కూడా ఇంతే. తల పగిలిపోతుంటే కోయీ తక్లీఫ్ అంటే నహీ సర్. కిందికి దింపేస్తే తోటివాళ్ల ముందు తల కొట్టేసినట్టుంటుంది. తన కన్నా చిన్నవాడు పైన నిలబడి ఉంటే తను డోలీలో కిందికి పోవడమా? ఆ పట్టుదలే అతన్ని డ్రిల్లు ఉస్తాదుని చేసింది. ఎన్ని వందల మందికి నిలబడటం నేర్పాడు తను! మడమలు కలుపు, ఛాతీ ఎత్తు, చూపు ముందుకి, నేల నీది అనుకో, అనేవాడు. నిలబడటం కూడా ఒకరు నేర్పాల్సిన విద్యేనా అని కూతురు చైతు నవ్వేది చిన్నప్పుడు.

"నిజం చెప్పండి, ఏటవుతోంది మీకు?" అంది ఉషశ్రీ, గొంతు తగ్గించి.

"ఏటీ లేదు. డాక్టరే చెప్పాడు గదా."

"డాక్టరుకి మీరేటి చెప్తే అదే తెలుస్తాది. ఎం.హెచ్.కి పోదామంటే వినలేదు. కూతవేటు దూరంలో మన ఆసుపత్రి పెట్టుకుని, ఇంత దూరం ఆటోలో, ఆ ట్రాఫిక్‌లో, దారంతా సంచీలోకి వాంతి చేసుకుంటూ... నాకు తెలీదా ఎందుకో."

తెలుసు. తెలిసీ ఒప్పుకుంది, అదీ ఆమె బాధ. మిలిటరీ ఆసుపత్రిలో అడుగుపెడితే రాత కోతలు మొదలవుతాయి, కళ్లు తిరిగాయన్న ఒక్క ముక్క చాలు ఆరోగ్యం కేటగిరీ దించడానికి. సోమవారం ప్రమోషన్ మెడికల్. అది గట్టెక్కితే భుజం మీద రెండో స్టారు, నాయబ్ సుబేదారు కాస్తా సుబేదారు, ఇంకొన్నేళ్లు సర్వీసు, కంటోన్మెంటు క్వార్టరు, చైతు పన్నెండో క్లాసు బోర్డు పరీక్షలు అదే ఇంట్లో, అదే కిటికీ పక్క బల్ల మీద. గట్టెక్కకపోతే మార్చిలో రిటైరై మూటాముల్లె సర్దుకోవాలి. సొంతూరు బొబ్బిలిలో చైతుకి ఎవరు తెలుసు? ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. అందుకే జనక్‌పురి. ఇక్కడ పేరు వెనక రెజిమెంటు ఉండదు. జేబులోంచి ఆధార్ కార్డు తీసిస్తే మామూలు మనిషి, ఉద్యోగం అంటే ప్రైవేటు అన్నాడు. ఎంత తెలివో! వెక్కిలి వచ్చి ఆ తెలివిని సగంలో తెంచేసింది.

పాపయ్య గుర్తొచ్చాడు. ఇద్దరూ ఒకే భర్తీ ర్యాలీలో, విజయనగరంలో, ఒకే ఎండలో పరుగెత్తి చేరినవాళ్లు. పాపయ్యకి ఓ ఏడాది మెడికల్‌లో బీపీ దొరికింది. మందేసుకుంటే పోయేదానికి నిజాయితీగా తలనొప్పి కూడా వస్తోంది సార్ అని నోరు జారాడు, అంతే, కేటగిరీ పడిపోయింది, స్టారు పోయింది, మనిషి ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. మొన్న వేసవిలో ఉషశ్రీ పినతండ్రి కొడుకు కిరీటి గృహప్రవేశానికి పిలిస్తే ఆ గేటు దగ్గరే కారు దిగారు. నీలం యూనిఫాంలో, భుజాన అబద్ధపు స్టార్లు కుట్టుకుని, లోపలికెళ్లే ప్రతి కారుకీ సెల్యూటు కొడుతున్నాడు పాపయ్య. అందులో సగం మంది హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఫోన్లలోంచి తల కూడా ఎత్తరు. చూపులు కలిశాయి. పాపయ్య గబుక్కున రిజిస్టరు మీదికి వంగిపోయాడు. జయచంద్ర కూడా చూడనట్టే లోపలికి నడిచాడు. ఆ రాత్రే అనుకున్నాడు, చస్తే చస్తాను గానీ ఆ గేటు దగ్గర మాత్రం నిలబడను అని.

ఫోను మోగింది. ఉషశ్రీ స్పీకరు పెట్టింది. "పాపా, ఆప్ ఠీక్ హో? మై ఆ జావూఁ?" వద్దమ్మా, చదువుకో, వచ్చేస్తున్నాం, చెవిలో ఏదో ప్రాబ్లమంట అన్నాడు. మాట కాస్త బొంగురుగా వచ్చింది. "ఆప్‌కీ ఆవాజ్ అజీబ్ క్యూఁ హై?" అంది చైతు, గొంతులో తేడా పట్టేసి. జలుబు అన్నాడు. ఒక్క రోజులో జలుబు, పైత్యం, చెవి, మొత్తం మూడు రోగాలు తగిలించుకున్నాడు, ఉన్నది తప్ప. ఉన్నదేమిటో తనకీ తెలియదు. అదే భయం. తెలియని శత్రువు ఎటునుంచి వస్తాడో తెలియక రాత్రంతా బంకరులో కూర్చున్నాడు ఒకప్పుడు. అప్పుడు చేతిలో రైఫిలుండేది, పక్కన మనుషులుండేవారు. ఇప్పుడు శత్రువు తల లోపలే ఎక్కడో కూర్చుని, బయట కాపలా ఉన్న సంత్రీలందరినీ వదిలేసి, నిలబెట్టే తాడొక్కటి చూసి కోసేశాడు. ముఖానికి ఎడమ పక్క మొద్దుబారినట్టుంది. ఇందాక డాక్టరు గుండుసూదితో రెండు బుగ్గలూ తాకి ఒకేలా ఉందా అన్నప్పుడు కూడా, ఒకేలా ఉంది సర్ అన్నాడు. చెప్పేదేముంది, అలవాటు. నోరు దానంతటదే పాసైపోతోంది.

కర్టెను జరిగింది. డాక్టరు వచ్చాడు. మంచి పిల్లవాడే, కళ్లకింద నల్లటి చారలు, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నాడు. మళ్లీ చేతులెత్తించాడు, కాళ్లెత్తించాడు, నవ్వించాడు, వేళ్లు చూపించాడు. జయచంద్ర మళ్లీ సగం చేశాడు. "పర్ఫెక్ట్. ఫిర్ జీరో. చక్కర్ కీ గోలీ లిఖ్ దేతా హూఁ, ఘర్ జాయియే." కళ్లు తిరగకుండా మాత్ర రాసి ఇంటికి పొమ్మంటున్నాడు. ఉషశ్రీ నిట్టూర్చి సంచీ భుజానికి తగిలించుకుంది. గెలిచాడు. రెండుసార్లు గెలిచాడు. ఇంకేం, లేచి చెప్పులేసుకుని పోవడమే. తల పక్కకి తిప్పి కిందికి చూశాడు. చెప్పులు నాలుగు. ఏ జతలో కాళ్లు పెట్టాలి? ఉష భుజం పట్టుకుని గేటు దాకా పోవచ్చు, ఆటోలో పడిపోవచ్చు, రేపంతా పడుకోవచ్చు. సోమవారం? సోమవారం పొద్దున్నే మెడికల్ బోర్డు ముందు వరసలో, ఛాతీ ఎత్తి, మడమలు కలిపి. మడమలు కలపడం తలచుకోగానే పడుకున్న మంచమే ఎడమకు ఒరిగింది. ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. చెమటలు పోశాయి. అప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఆలోచన, చెంప మీద కొట్టినట్టు తగిలింది. పాపయ్య నిలబడుతున్నాడు. ఎండలో, వానలో, ఈ పొగమంచులో, ముక్కూ మొహం తెలియనివాళ్ల కార్లకి సెల్యూటు కొడుతూ, రోజంతా రెండు కాళ్ల మీద నిలబడుతున్నాడు. నోరు జారాడు కాబట్టి నిలబడుతున్నాడు. జయచంద్రకి ఆ క్షణాన పాపయ్య మీద పుట్టిన ఈర్ష్య ఇంతా అంతా కాదు.

"సర్," అన్నాడు. డాక్టరు అప్పటికే పక్క మంచం వైపు తిరిగాడు. "సర్, మై ఖడా నహీ హో సక్తా."

ఇరవై ఏడేళ్లలో నిలబడలేనన్న మాట అతని నోట్లోంచి రావడం ఇదే మొదలు. వచ్చాక గది నిశ్శబ్దమైపోయినట్టనిపించింది గానీ, ఏమీ కాలేదు, పక్క మంచం ముసలాయన దగ్గుతూనే ఉన్నాడు. డాక్టరు నవ్వాడు. నీరసం అంకుల్, వాంతులయ్యాయి కదా, కాళ్లలో బలం చూశాను, బ్రహ్మాండంగా ఉంది అన్నాడు. "నీరసం కాదు సర్. మీరు వేళ్లు చూపిస్తే నాకు నాలుగు కనబడ్డాయి. ఎడమ బుగ్గ మొద్దుబారింది. నేను ఫౌజీని సర్. మీకు అబద్ధం చెప్పాను." ఇదంతా హిందీలోనే చెప్పాడు, గట్టిగా, రిపోర్టు ఇస్తున్నవాడిలా. ఉషశ్రీ సంచీ జారిపోయింది. డాక్టరు దగ్గరికొచ్చి, చంకల కింద చేతులేసి కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దింపి, నిలబడండి అన్నాడు. జయచంద్ర తనకి తానే సావధాన్ చెప్పుకున్నాడు. మడమలు కలిశాయి. మరుక్షణం నరికిన చెట్టులా ఎడమవైపుకి పడ్డాడు. డాక్టరూ ఉషశ్రీ ఇద్దరూ కలిసి ఆపబట్టి తల గోడకి తగల్లేదు.

ఆ కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోను తీసి ఎవరికో చేస్తూ, మధ్యమధ్య ఉషశ్రీకి చెబుతున్నాడు. ఇది స్ట్రోకే. మెదడు వెనక, కింది భాగంలో. మా పరీక్షలో అడిగేవి చాలావరకూ మంచం మీద పడుకుని చెయ్యగలిగేవే ఆంటీ, ఇలాంటిది అందులో దొరక్కపోవచ్చు, నేను లేపి చూడాల్సింది, నాదే పొరపాటు. పెద్దాసుపత్రికి అంబులెన్సులో పంపిస్తాను, స్కాన్ చేస్తారు. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది, మొదలైన కొద్ది గంటల్లో ఇస్తేనే పనికొస్తుంది, ఆలస్యంగా ఇస్తే మెదడులో రక్తం చిమ్మి ప్రాణం పోవచ్చు. "కబ్ సే హై యే? సహీ టైమ్ బతాయియే." ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పమంటున్నాడు.

"దోపహర్ సే సర్," అంది ఉషశ్రీ, మధ్యాహ్నం నుంచేనని తడుముకోకుండా. "ఖానా ఖాయా, ఉస్‌కే బాద్."

డాక్టరు గోడ గడియారం చూశాడు. అతని భుజాలు తేలికపడటం జయచంద్రకి రెండుగా కనిపించింది. టైముంది, ఇంకా టైముంది అని ఫోన్లో అరుస్తున్నాడు. ఉషశ్రీ రెండు చేతులతో భర్త చేతిని పట్టుకుంది. విన్నారా, టైముందంట, ఏం కాదు, నేనున్నాను గదా అంటోంది, ఏడుస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు చెరిపెయ్యడం కన్నా ఆ ఇంజెక్షన్ వేయించుకుని చావడం నయమనిపించింది ఒక్క క్షణం. కానీ పిల్లా పీచూ గుర్తొచ్చాక ఆ ధైర్యం కూడా నిలవలేదు.

"నహీ సర్. కల్ షామ్ సే."

డాక్టరు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అతన్ని చూశాడు. ఫోన్లోకి మెల్లగా చెప్పాడు, టైము దాటిపోయింది, ఇంజెక్షన్ కుదరదు, మెదడుకి వాపు వస్తే ఆపరేషనుకి సిద్ధంగా ఉండమనండి అని. చెప్పి, అంబులెన్సు కోసం బయటికి పరుగెత్తాడు.

"నిన్న సాయంత్రం నుంచేటండీ?" అంది ఉషశ్రీ. ఆమెకి ఇంకా అర్థం కాలేదు. "నిన్న సాయంత్రం బాగానే ఉన్నారు గదా. నేను బఠాణీలు ఒలుస్తున్నాను. మీరు ఫ్రిజ్జు దగ్గర్నుంచి తాగుబోతోడి నడక నడిచి చూపించారు. ఊగుతా, తూలుతా... నేనూ చైతూ పొట్ట పట్టుకుని నవ్వాం."

జయచంద్ర కళ్లు రెండూ మూసుకున్నాడు. వెక్కిలి వచ్చింది. ఆమె పట్టుకున్న చెయ్యి మెల్లగా వదులైంది, మళ్లీ బిగిసింది.

"ఇంకోసారి చెయ్యమన్నాను నేను," అంది. "చేశారు."